థీసిస్‌లో చెరువు

సుమిత్రమ్మ వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. పక్కనే కూతురు జ్యోతిక లావుపాటి పుస్తకంలో తలదూర్చింది. కర్ణాటక సరిహద్దులోని ఒక కోట ఊరిలో రాజుల కాలం నాటి రక్షణాధికారి, అంటే కొత్వాలు, కచేరీ కాగితాలను అచ్చువేసిన సంపుటం అది. వాటి మీద రాస్తున్న థీసిస్ అధ్యాయాన్ని సాయంత్రంలోగా గైడుకు పంపాలి.

"అమ్మా, గీడ చూడు. తూర్పు దర్వాజ బయట చెరువు పూడ్చి ఇండ్లు కట్టిండ్రట. కొత్వాలు అన్నీ కూలగొట్టమన్నడు."

తూర్పు అనగానే తాముండే చైతన్యపురి కూడా నగరానికి తూర్పునే కదా అనుకుంది సుమిత్రమ్మ. గోడ మీదుగా పక్కింటి అండాలమ్మకు చెప్పింది. చెరువుల్లో కట్టిన ఇళ్ల మీదికి బుల్డోజర్లు వెళ్లడం టీవీలో చూసి చూసి ఉన్న అండాలమ్మ దాన్ని కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. టిఫిన్ల వేళకు ఆ మాట పెరిగి, కాలనీ చెరువులో ఉందని జ్యోతిక కలెక్టరుకు ఫిర్యాదు ఇచ్చేసిందన్న దాకా వెళ్లింది. ఎదురింటిని కొనడానికి హయత్‌నగర్ నుంచి బయల్దేరినవాళ్లు సగం దారిలో వెనక్కి మళ్లారు.

ఇంటి ఓనరు, కాలనీ సంఘం అధ్యక్షుడు అయిన భానుమూర్తి పై వాటా నుంచి దిగి వచ్చాడు. వెనక పదిమంది.

"ఏమ్మాయ్, అద్దెకిచ్చిన పాపానికి మా ఇంటి కిందే చెరువు తవ్వుతావా?"

"గది మన ఊరు కాదు సార్, కర్ణాటక దిక్కు..."

"ఊరేదైతే ఏంటి? పాత రికార్డు ఎక్కడైనా చెల్లుతుంది."

"గా పుస్తకం అచ్చయి నలభై ఏండ్లాయె."

"అన్నేళ్లు ఊరుకున్నదాన్ని నువ్వెందుకు కదిపావు? థీసిస్‌లో ఆ చెరువు తీసెయ్. లేదంటే ఇల్లు ఖాళీ చెయ్యండి."

"తీసెయ్ బిడ్డా," అన్నాడు తండ్రి జంగయ్య. "చెరువు బదులు బాయి రాసుకో."

జ్యోతిక చెవులు ఎర్రబడ్డాయి. ఉన్న చెరువును పూడ్చమనేది ఒకరు, లేని బావిని తవ్వమనేది ఒకరు. ఆ కాగితాలను రెండేళ్లుగా చదువుతున్నది మాత్రం తాను.

"చెల్లుతదంటే మొత్తం చెల్లాలె సార్. తర్వాతి పేజీ గూడ వినుర్రి," అని చదివింది. "బాట మీదికి మెట్లు జరిపి కట్టుకున్నవారు తామే పగలగొట్టుకోవలెను. లేనిచో కొత్వాలు మనుషులు పగలగొట్టి, ఆ రాళ్లను ఇంటివారి చేతనే మోయించెదరు."

అందరూ గేటు వైపు చూశారు. భానుమూర్తి ఇంటి మెట్లు రోడ్డు మీదికి వచ్చినప్పటి నుంచి ఆ సందులోకి ఆటోలు రావడం మానేశాయి.

"గిది గూడ చెల్లుతదా సార్?" అని అడిగింది అండాలమ్మ. "మా ఇంట్ల గడ్డపార ఉన్నది."

"అది కర్ణాటక ఊరు కదండీ," అన్నాడు భానుమూర్తి.

"పొద్దుగాల్నుంచి నేను గదే చెప్తున్న," అంది జ్యోతిక.

భానుమూర్తి గేటు దాటి బయటికి వెళ్లాడు. తన వాటాకు వెళ్లాలంటే అందరూ చూస్తుండగా ఆ మెట్లే ఎక్కాలి గనుక, మెట్రో స్టేషన్ వైపు నడిచాడు.