హార్నెస్‌కు వచ్చిన ప్రమోషన్

మనిషి ఛాతీకి హార్నెస్ బిగించడమే నాగరికతలో ఆఖరి మెట్టని నా గట్టి అభిప్రాయం. కాదనేవాళ్లు చేతులెత్తండి! ఎత్తలేరు. భుజం దగ్గర పట్టేస్తుంది.

ఆ మాట చరిత్ర చూడండి. ఒకప్పుడు ఇంగ్లండులో హార్నెస్ అంటే యోధుడి ఇనుప కవచం. తర్వాత గుర్రాన్ని బండికి కట్టే తోలు పట్టీలకు ఆ పేరు వచ్చింది. మగ్గంలో పోగుల్ని పైకి లేపే అమరికనూ నేతగాళ్లు అలాగే పిలుచుకున్నారు. నదిని ఆపి కరెంటు తీసినా ఆ మాటే! ఉద్యోగంలో ఉండగా కన్నుమూసినవాణ్ణి "హార్నెస్‌లోనే పోయాడు" అని మా ఊరు వాల్సాల్‌లో ఇప్పటికీ మెచ్చుకుంటారు. ఇంత గొప్ప వస్తువు గోదాము కూలీ దాకా రావడానికి ఇన్ని శతాబ్దాలు పట్టిందంటే సిగ్గుపడాల్సింది మనమే.

ఈ అదృష్టం అర్థం కానివాడు ఈనక్ ట్రాంటర్. నలభై ఏళ్లు గుర్రాల హార్నెస్‌లు కుట్టాడు. తోలు కార్ఖానా మూతపడ్డాక పార్సిల్ గోదాములో చేరాడు. అక్కడ అందరికీ ఛాతీ మీదుగా ఒక పట్టీ వేస్తారు. మనిషి అర నిమిషం ఆగితే చాలు, అందులోని యంత్రం జుయ్యిమంటుంది. ఎంత ఆప్యాయత! నేను అర నిమిషం ఆగితే మా ఇంట్లో ఎవరైనా పట్టించుకున్నారా?

మొదటి రోజే ఈనక్ ఆ పట్టీని తిరగేసి చూశాడు.

"బకిల్ ఎముక మీద పడుతోంది బాబూ. పుండవుతుంది" అన్నాడు మేనేజరు రూపర్ట్‌తో.

"ఇది గుర్రానికి కాదండీ, ట్రాంటర్ గారూ."

"తెలుస్తూనే ఉంది. గుర్రానికైతే ఎవడూ వెయ్యడు."

మూడో వారానికి పక్క బల్ల దగ్గర పనిచేసే మేవిస్ జాకెట్టు భుజం మీద రక్తం మరక కనిపించింది. లోపల మెత్తటి తోలు కుట్టిపెడతానన్నాడు ఈనక్. పట్టీ మీద చెయ్యి వేస్తే ఉద్యోగం ఉండదన్నాడు రూపర్ట్.

"నా గురించి నువ్వు రోడ్డున పడకు. ఊరుకో" అంది మేవిస్.

ఈనక్ ఊరుకోలేదు. శనివారం మధ్యాహ్నం భోజనం వేళ తన పట్టీతో గేటు బయటికి వచ్చాడు. అక్కడ అతని వదిన ఏడా తన గుర్రబ్బండి ఆపుకుని కూర్చుంది. పొడవు చాలడానికి ఆ పట్టీకి తోలు ముక్క అతికించి, బండి గుర్రం డచెస్‌కు బిగించాడు.

పది నిమిషాల్లో దారినపోయేవాళ్లు ముగ్గురు ఫోన్లు చేశారు. జంతు సంరక్షణ సంఘం వ్యాను వచ్చేసింది. న్యాయం ఆలస్యమవుతుందని ఎవరన్నారు!

"ఎవరండీ ఈ పని చేసింది?" అంటూ అధికారిణి మండిపడింది. "ఎముక మీద బకిలేమిటి? నోరులేనిదనేగా! తియ్యండి ముందు."

ఈనక్ సంతోషంగా తీశాడు. "లోపల ఇంకా అరవై ఉన్నాయమ్మా" అన్నాడు.

ఆమె నోటుబుక్కు తెరిచింది. "అరవై గుర్రాలా?"

"మనుషులు."

ఆమె కాసేపు గేటు వంక చూసింది. తర్వాత బుక్కు మూసేసింది. "మన్నించండి. మనుషులు మా పరిధిలోకి రారు."

భోజనం గంట అయిపోయింది. ఈనక్ పట్టీ తనకే బిగించుకుని లోపలికి వెళ్లాడు.

"ఏమన్నారు?" అని ఆత్రంగా అడిగింది మేవిస్.

"డచెస్‌కు రెండ్రోజులు సెలవిచ్చారు."