పేరిందేవి రెండో పెళ్ళి

ఒక పెద్ద అడవిలో, వాగుకు అవతలి ఒడ్డున పేరిందేవి అనే ఏదుపంది ఉండేది. ఆమె బొరియ వాళ్ళమ్మ తవ్వి ఇచ్చింది. అందులోకి ఇల్లరికం వచ్చిన మొగుడు గుర్నాథం చెడ్డవాడేం కాదు. కాకపోతే ఎవరైనా కాస్త పొగిడితే చాలు, ఉబ్బితబ్బిబ్బయి వాళ్ళను భోజనానికి పిలిచేవాడు. పేరిందేవి గోళ్ళరిగేలా తవ్వి తెచ్చిన దుంపలు వచ్చినవాళ్ళ పాలయ్యేవి, ఆమెకు తొక్కలు మిగిలేవి.

సొంత బొరియలో ప్రశాంతంగా ఒక్క దుంప తినాలన్నదే ఆమె కోరిక. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి, చివరికి విడాకులెలా తీసుకోవాలో కనుక్కుందామని నక్క ప్లీడరు దగ్గరికి వెళ్ళింది.

"పెళ్ళయినట్టు రుజువుందామ్మా? పెళ్ళే లేకపోతే విడాకులెక్కడివి?" అన్నాడు నక్క.

ఆమె తన పెళ్ళికి వచ్చిన కోతుల్ని సాక్ష్యం అడిగింది. విందు తిన్నమాట నిజమేననీ, పులిహోరలో ఉప్పు తగ్గిన సంగతి కూడా గుర్తుందనీ, అది ఎవరి పెళ్ళో మాత్రం చూడలేదనీ అవి చెప్పాయి.

అప్పుడు నక్క అడ్డదారి చూపించాడు. ఇవాళ మళ్ళీ పెళ్ళి చేసుకుని సర్కారు ముద్ర వేయించుకుంటే, రేపు దాంతోనే విడాకుల అర్జీ పెట్టొచ్చట. విందు మాత్రం ఘనంగా ఉండాలన్నాడు. మొదటి విస్తరి తనదేనని వేరే చెప్పాలా!

పేరిందేవి మొగుడి దగ్గర ఏదీ దాచలేదు. కానీ పెళ్ళి అన్న మాట తర్వాత గుర్నాథం చెవికేదీ ఎక్కలేదు.

"పెళ్ళికూతురెవరు?" అన్నాడు.

"నేనే."

"అయితే మంచిదే," అని ముళ్ళు దువ్వుకున్నాడు.

పెళ్ళి జరిగింది. అడవంతా వచ్చి బొరియలోని దుంపలన్నీ ఊడ్చిపెట్టింది. మర్నాడు అర్జీ చూసి ఏనుగు జడ్జిగారు చెవులు విసురుకున్నారు.

"నిన్ననే కదమ్మా పెళ్ళయింది. ఏడాది తిరక్కుండా విడాకులివ్వడానికి చట్టం ఒప్పుకోదు. వెళ్ళి కాపురం చేసుకోండి."

పేరిందేవికి ఏడుపొచ్చింది. దుంపలు పోయాయి, మొగుడు మిగిలాడు. నక్క మెల్లగా జారుకోబోతున్నాడు. అంతలో కోర్టు గోడ మీది క్యాలెండరు కంటపడి ఆమె కళ్ళు తుడుచుకుంది.

"అయ్యా, అయితే మేం కొత్త దంపతులమేనా?"

"ముమ్మాటికీ."

"రేపట్నించి ఆషాఢమండీ. కొత్త అల్లుడు అత్తారింటి గడప తొక్కకూడదు. ఆ బొరియ మా అమ్మది."

ఆచారానికి జడ్జిగారు అడ్డు చెప్పలేదు. ఈ పెళ్ళికి పెద్దరికం వహించింది నక్కే గనుక, పెళ్ళికొడుకును నెలపాటు ఆ నక్క ఇంట్లోనే ఉంచమని తీర్పిచ్చారు.

గుర్నాథం సంతోషంగా వెళ్ళాడు. మర్నాటి నుంచి అతన్ని పొగిడిన కోతులన్నీ నక్క ఇంట్లో భోజనాలకు బంతులు తీరాయి. వారం తిరక్కుండానే నక్క భార్య వాగు దాటి వచ్చింది. విడాకులెలా తీసుకోవాలో చెప్పమని పేరిందేవిని అడిగింది.

మొగుడు లేక బొరియ కాస్త బోసిగానే ఉంది. అయినా దుంప మాత్రం ఎంతో రుచిగా ఉంది. పేరిందేవి దాన్ని విరిచి సగం ఆమెకిచ్చింది.

"ముందు మీరూ మళ్ళీ పెళ్ళి చేసుకోండి వదినా. వచ్చే జ్యేష్ఠంలో అయితే కలిసే చేసుకుందాం, ఆషాఢానికి మేమూ మళ్ళీ కొత్త దంపతులం కావాలిగా."

నీతి: కోర్టు ఏడాదికి వాయిదా వేసిన పనిని పంచాంగం ఒక్క పూటలో చేసిపెడుతుంది.