సింహాచలం నిలబడ్డ గడి

పురపాలక సంఘం నుంచి ఏ లైసెన్సు కావాలన్నా దరఖాస్తుదారు తన మనుషుల్ని తెల్లపావులుగా నిలబెట్టి ఆఫీసుతో చదరంగం ఆడి గెలవాలి. మధ్యలో చచ్చిన పావు ఆ నిమిషం నుంచి ఆఫీసులో పర్మనెంటు ఉద్యోగి. నల్లపావులు ఆఫీసువి. మొదటి ఎత్తు మాత్రం ఎప్పుడూ ప్రజలదే. ఆ ఒక్క హక్కునీ ఇంతవరకు ఎవరూ తీసెయ్యలేదు.

పైడిరాజుకి టిఫిన్ హోటల్ లైసెన్సు కావాలి. బస్టాండు ఎదురుగా తోపుడుబండి మీద అతను పోసే అట్టుకీ, భార్య నూకరత్నం కాచే సాంబారుకీ జనం ఎండలో వరస కట్టేవాళ్ళు. షాపు చూసుకున్నాడు, రంగులు వేయించాడు. ఇక ఆడటమే తరువాయి. చదరంగం ముట్టుకున్న పాపాన పోలేదు గానీ, గెలుపు మీద అతనికి అనుమానమే లేదు.

ఆఫీసు గేటు బయట ఒకప్పుడు దరఖాస్తులు రాసిపెట్టేవాళ్ళు కూర్చునేవారు. ఇప్పుడు అవే గొడుగుల కింద కొత్తవాళ్ళకి ఆరంభపు ఎత్తులు చెప్పేవాళ్ళు కూర్చుంటున్నారు. వాళ్ళలో పాతకాపు అప్పలనరసయ్య.

"మొదటిసారా? అయితే మంత్రి వైపు ఎర తీసుకో బాబూ," అన్నాడు. "అందరూ అదే పట్టుకెళ్తారు. రెండో ఎత్తుకి బంటుని ఎరగా తోస్తావు, వాళ్ళు చంపుతారు, ఇంట్లో ఒకడికి ఉద్యోగం. అక్కడితో ఓడిపోయి భోజనం వేళకి ఇంటికెళ్ళిపోవచ్చు."

"నేను గెలవాలండి."

అప్పలనరసయ్య గొడుగు పైకెత్తి మనిషిని పరీక్షగా చూశాడు. "గెలిచి ఏం చేస్తావు?"

"హోటలు పెడతాను. నా మనుషులందరూ నాకు కావాలి. ఒక్కరూ పోకూడదు."

"అలాగైతే ఇటాలియన్ ఆరంభం. రాజు ముందున్న బంటుని రెండు గళ్ళు తొయ్యి. గుర్రాన్ని తియ్యి, శకటాన్ని తియ్యి, నువ్వెళ్ళి కోటలో కూర్చో. కొత్తవాడికి అంతకంటే మంచిది లేదు. ఒక్కటే జాగ్రత్త. మంత్రిని తొందరపడి బయటికి పంపకు. బయట గాలి తగిలిన మంత్రి నీ మాట వింటుందన్న పూచీ నాది కాదు."

ఇంట్లో మాత్రం ఇటాలియన్ ఎవరికీ నచ్చలేదు.

"మా తమ్ముడ్ని ఎర గడిలో పెట్టండి," అంది నూకరత్నం. "మీకేటి పోయింది?"

"సింహాచలం పోతే పిండి ఎవడు రుబ్బుతాడు?"

"డిగ్రీ చదివినోడు పిండి రుబ్బాలా?"

"పోనీ బావా, మూల బంటుగా మాత్రం నిలబెట్టకు," అన్నాడు సింహాచలం, చేతిలో జనరల్ నాలెడ్జి పుస్తకం మూయకుండానే. "ఊళ్ళో తలెత్తుకోలేను."

పైడిరాజు అతన్ని మూలకే పెట్టాడు. మంత్రి నూకరత్నం, శకటం తల్లి, గుర్రం తండ్రి. మిగతా గళ్ళలో వీధివాళ్ళు. రాజు ఎప్పుడూ దరఖాస్తుదారే.

హాల్లో నేల మీద గళ్ళు గీసి ఉన్నాయి. నల్లపావుల తరఫున సూపరింటెండెంటు స్టూలు మీద కూర్చుని ఆడాడు. పైడిరాజు రాజు ముందు బంటుని తోశాడు. గుర్రాన్ని గెంతమన్నాడు.

"ఈ మోకాళ్ళతోనేట్రా?" అని తండ్రి గొణిగాడు గానీ, గెంతాడు. తల్లి వాలుగా నడిచి నల్లరాజు పక్కగడికి గురిపెట్టి నిలబడింది. భోజన విరామం దగ్గర పడేసరికి సూపరింటెండెంటు చూడకుండా ఎత్తులు వేయడం మొదలుపెట్టాడు. దారి తెరుచుకుంది. పైడిరాజు నూకరత్నాన్ని అంచు గడి దాకా పంపాడు. సూపరింటెండెంటు అదీ చూసుకోలేదు. ఇక ఆమె వాలుగా రెండు గళ్ళు వేస్తే ఆటకట్టు. హోటలు వచ్చేసినట్టే.

"వెళ్ళు రత్నం! రెండు గళ్ళు!"

నూకరత్నం ఒక గడి నడిచింది. ఆగింది.

"ఇంకోటి!"

ఆమె తన ముందు, పక్కన నిలబడ్డ నల్లబంట్లను చూసింది. మెడలో గుర్తింపు కార్డులు, పైన ఫ్యాను. వెనక్కి తిరిగి భర్తను చూసింది. "సాంబారు పొయ్యి దగ్గర నిలబడే కాళ్ళండీ ఇవి," అంది. "ఇక్కడ బాగున్నాయి."

అడుగు పడితే ఎత్తు పడ్డట్టే. నల్లబంటు ఒకడు వాలుగా వచ్చి ఆమెను మర్యాదగా చంపాడు. కార్డు అక్కడికక్కడే ఇచ్చారు. వీధివాళ్ళు చప్పట్లు కొట్టారు. మంత్రి లేని పైడిరాజు త్వరలోనే ఓడిపోయాడు.

వారం తిరక్కుండా ఆమెకు లైసెన్సుల సీటు వచ్చింది.

"రత్నం, మళ్ళీ ఆడాలి. తారీఖు ఇయ్యి."

"పేరు పెట్టి పిలవకండి. మేడమ్ అనాలి. మూడింటి తర్వాత రండి."

"అలాగే మేడమ్," అన్నాడు పైడిరాజు. మూడింటి తర్వాతే వెళ్ళాడు.

అప్పలనరసయ్య ఈసారి అతనికి నీడలో చోటిచ్చాడు.

"నన్ను చంపేట్టు ఏదైనా ఆరంభం ఉందాండీ?"

"రాజుని చంపరు బాబూ. చదరంగంలో ఆ పద్ధతి లేదు. రాజు చివరిదాకా దరఖాస్తుదారే."

"అయితే ఎరే ఇవ్వండి. సాంబారు లేని హోటలుకి లైసెన్సు దేనికి? కనీసం బావమరిదైనా బాగుపడతాడు."

రెండో ఆటలో సింహాచలం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఎర గడిలోకి నడిచాడు. కళ్ళు మూసుకుని మెడ కాస్త ముందుకి వంచాడు. ఆ రోజు స్టూలు మీద ఉన్నది అక్కే. వాలుగా నల్లబంటు సిద్ధంగా ఉంది. ఆమె తమ్ముణ్ణి చూసింది, ఫ్యాను వైపు చూసింది, ఇంకెక్కడో ఉన్న బంటుని ఒక గడి తోసింది.

"అక్కా, నన్ను చంపలేదు."

"ఖాళీల్లేవురా. నియామకాలు ఆపారు. అక్కడే నిలబడు, నోటిఫికేషన్ వస్తే చూస్తాను."

ఆట వాయిదా పడింది. సింహాచలం గడి వదల్లేదు, వదిలితే వరస పోతుంది. మర్నాటి నుంచి పక్క ఆటల ఎరబంట్లు కూడా హాల్లోనే ఉండిపోయాయి. అందరి చేతుల్లో పుస్తకాలు, అందరి మెడలూ కాస్త ముందుకి.

వాళ్ళకి ఆకలేస్తుంది. పైడిరాజు బండిని హాల్లోకి తోసుకొచ్చాడు. వాయిదాపడ్డ ఆటలో రాజు గళ్ళ మీద ఎక్కడుండాలో ఎవరూ అడగలేదు; లైసెన్సూ అడగలేదు. అట్లు బస్టాండు దగ్గరకంటే బాగా పోతున్నాయి. ఇంకో పొయ్యి పెట్టే ఆలోచనలో ఉన్నాడు.

"బావా, చట్నీ తొందరగా వెయ్యి," అన్నాడు సింహాచలం, స్టూలు మీంచి చూపు తిప్పకుండా. "అక్క చెయ్యి కదిలింది."

నూకరత్నం చెయ్యి కదిలింది నిజమే. ఫ్యాను ఒక పాయింటు పెంచింది.

పైడిరాజు చట్నీ వేసి పక్కగడికి వెళ్ళాడు.