ఇరవై సీట్ల సర్వర్

సోమవారం పొద్దున షారోన్ వేసుకున్న పథకం చిన్నదే. తొమ్మిదిన్నరకు సిబ్బందిని పిలిచి కొత్త సాఫ్ట్‌వేర్ చూపించాలి, పదింటికల్లా చాయ్ తాగాలి, ఆ తర్వాత వారం రోజులు ఎవరి కంటా పడకుండా సర్వర్ గదిలో కూర్చోవాలి. కంప్యూటర్లు చూసుకునే మనిషి ఎవరికీ గుర్తు రాకపోవడమే ఆ ఉద్యోగంలోని గొప్పతనమని ఆమె నమ్మకం. కరీంనగర్ శివార్లలోని ఆ విత్తనాల కంపెనీలో చేరి ఆమెకు అయిదు నెలల మూడు వారాలైంది. వచ్చే సోమవారానికి ఆరు నెలలు నిండుతాయి. ఆలోపు యజమాని సదానందం సంతకం పెడితే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికే. ఆ సంతకం కోసం వాళ్లమ్మ రిబ్కమ్మ మూడు ఆదివారాలుగా చర్చిలో ప్రార్థన చేయిస్తోంది.

కొత్త ఏర్పాటు మంచిదే. ప్రతి కంప్యూటర్‌లోనూ విడివిడిగా ఉన్న పాత సాఫ్ట్‌వేర్ తీసేసి, అందరికీ కలిపి ఒకదాన్ని కంపెనీ సర్వర్‌లో ఎక్కించింది. ఇకమీద ఉత్తరమైనా పట్టికైనా బ్రౌజర్‌లో తెరిచి రాసుకోవడమే. చిక్కల్లా ఒక్కటి. ఒకేసారి ఇరవై మంది దాకా, అంటే ఇరవై సీట్ల దాకా ఉచితం. ఇరవయ్యొకటో మనిషి ఫైలు చూడగలడు గాని అందులో అక్షరం మార్చలేడు. అందరూ రాయాలంటే పెద్ద లైసెన్సు కొనాలి.

"మనం ముప్పై నలుగురం ఉన్నం గద బిడ్డా, ఇరవై ఎట్ల సరిపోతయి?" అని సదానందం ముందే అడిగాడు.

"సార్, మనకాడ ఇరవై మంది ఒక్కసారే పని చేసిన దినం ఎన్నడన్న ఉన్నదా?"

సదానందం కాసేపు పైకప్పు కేసి చూశాడు. ఇరవై రెండేళ్ల కంపెనీలో అలాంటి రోజు ఒక్కటీ గుర్తుకు రాలేదు. "సరే, కానియ్యి" అన్నాడు.

షారోన్ చేసిన తప్పేమిటంటే, సోమవారం అందరి ముందూ నిజం చెప్పడం. "ఇరవై సీట్లే ఉన్నయి. పని అయినంక ఫైలు బంద్ చేయుండ్రి, ఇంకొకరికి సీటు దొరుకుతది" అంది. జనం తలలూపారు. తను బంద్ చేస్తే సీటు ఇంకొకరికి పోతుందన్నంత వరకే వాళ్ల చెవికెక్కింది.

ఆ జిల్లాలో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకోవడం తెలియని మనిషి లేడు. మంగళవారం తొమ్మిదింటికి షారోన్ వచ్చేసరికి ఇరవై సీట్లూ నిండిపోయాయి. కుర్చీల్లో ఉన్నది మాత్రం ఆరుగురే. లెక్కల గుమాస్తా పరశురాములు ఒక ఖాళీ పట్టిక తెరిచి, కంప్యూటర్ తెర మీద నిజంగానే తువ్వాలు కప్పి, టిఫిన్‌కు వెళ్లాడు.

"ఏంది పరశురాములన్నా గిది? పని లేనప్పుడు ఎందుకు తెరిచినవు?" అని అడిగింది, ఆయన తిరిగొచ్చాక.

"ఇప్పుడు లేదమ్మా. మధ్యాహ్నం ఉంటది గద. అప్పుడు దొరకకపోతే నేనేడ కూసోవాలె?"

ఇల్లు అలకగానే పండగ కాదని షారోన్‌కు అప్పుడు తెలిసింది. పదకొండింటికి సర్వర్‌ను ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెట్టింది. తువ్వాళ్లన్నీ ఒక్క దెబ్బకు ఎగిరిపోతాయని ఆమె అంచనా. ఎగిరిపోయాయి కూడా. వాటితోపాటు లారీలకు సరుకు పట్టికలు రాసే వినోద అరగంట కష్టమూ పోయింది. వినోద ఏడ్చుకుంటూ సదానందం గదికి వెళ్లింది. సదానందం బయటికి వచ్చి, ఆఫీసు వేళల్లో ఎవరినీ సీటులోంచి దించకూడదని షారోన్‌కు గట్టిగా చెప్పాడు.

దాంతో ఆమె ఇంకో ఉపాయం చేసింది. పావుగంట సేపు ఏమీ రాయకుండా ఉంటే ఫైలు దానంతటదే మూసుకునేలా బుధవారం నుంచి నియమం పెట్టింది. తన తెలివికి తానే మురిసిపోయి ఆ రోజు రెండు చాయ్‌లు తాగింది.

గురువారానికి ఆఫీసు కొత్త పద్ధతికి అలవాటు పడింది. బయటికి వెళ్లేవాళ్లు పక్కవాళ్లకు సీటు అప్పజెప్పి పోసాగారు. "జర నాదాంట్ల ఏదన్న ఒకటి కొడుతుండు" అంటే చాలు, పక్కవాళ్లు పావుగంట కాకముందే ఏదో ఒక మీట నొక్కి పెట్టేవారు. ఉత్తరాల నిండా చుక్కలూ, పేర్ల మధ్య ఖాళీలూ కనిపించసాగాయి. ఎవరూ ఫిర్యాదు చేయలేదు, ఎందుకంటే ఏదో ఒక పూట అందరూ అందులో ఉన్నవాళ్లే.

ఒక్క లచ్చయ్య తప్ప. ఆయన విత్తనాలు మొలకెత్తుతాయో లేదో పరీక్షించే మనిషి. ఆయన ఫలితం కంప్యూటర్‌లో ఎక్కితే గాని ఆ రకం బస్తా గేటు దాటదు. రోజూ జమ్మికుంట నుంచి బస్సులో వస్తాడు, ఎంత తొందరగా వచ్చినా తొమ్మిదీ నలభై అవుతుంది. శనివారంతో కలిపి అయిదు రోజులుగా ఆయనకు సీటు దొరకలేదు. వానలు పడ్డాయి, రైతులు ఎదురుచూస్తున్నారు, ఈ వారం పరీక్షించిన రకాల ఫలితాలన్నీ ఆయన జేబులో కాగితాల మీద ఉన్నాయి.

శనివారం పొద్దున ఆయన గోడకానుకుని నిలబడి ఉండటం చూసి షారోన్‌కు ప్రాణం ఉసూరుమంది.

"ఇక్కడ కూసో పెద్దనాయినా. నా సీటు తీస్కో" అని తన కుర్చీలోనే కూర్చోబెట్టింది. "తప్పు నాదే. వీళ్లు గిట్ల చేస్తరని అనుకోలే."

లచ్చయ్య కళ్లద్దాలు తుడుచుకుని, ఒక్కో అక్షరం వెతికి కొడుతూ అన్నాడు. "ముప్పై ఏండ్ల సంది బస్సుల నిలబడి వస్తున్న బిడ్డా. కూసున్నోనిది తప్పు కాదు. ఇంకో బస్సు రాదు అని భయపెడ్తే ఎవడైనా తువ్వాలేస్తడు."

ఆ మాట షారోన్‌కు సూటిగా తగిలింది. పని చేసేవాళ్లు ఎందరో ఆమె లెక్కగట్టింది, భయపడేవాళ్లు ఎందరో లెక్కగట్టలేదు. సీట్లు ఉన్నన్నాళ్లూ పని లేని మనిషి, సీట్లు తక్కువనగానే పనిమంతుడైపోయాడు. సాయంత్రం సదానందం దగ్గరికి వెళ్లి, పెద్ద లైసెన్సు కొందామని చెప్పాలని ఆమె నిశ్చయించుకుంది. ఉద్యోగం పోతే పోయింది అని కూడా అనుకుంది గాని, అది అంత గట్టిగా అనుకోలేదు.

గోరుచుట్టు మీద రోకటి పోటులా అయిదింటికి మంచిర్యాల నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది అక్కడ కంపెనీ విత్తనాలు అమ్మే లింగమూర్తి.

"నేను నలభై బస్తాలు అడిగితే నాలుగు వందలు తోలిచ్చిండ్రేంది? దుకాణంల జాగ లేదు. పక్కపొంటి ఫంక్షన్ హాల్ల దించిన. రేపు ఆడ పెండ్లి ఉన్నదట, పెండ్లోళ్లు నా మీదికొస్తున్నరు!"

ఆరా తీస్తే పెద్ద రహస్యమేమీ లేదు. ఆ పొద్దున వినోద మొక్కు తీర్చుకోవడానికి కొండగట్టు వెళుతూ, తన సీటు పరశురాములుకు అప్పజెప్పింది. పరశురాములు నమ్మకస్తుడు. పావుగంట కాకముందే ఒక సున్న నొక్కాడు. అది మంచిర్యాల గడిలో పడింది. ఆ తర్వాత లారీ నిండింది.

షారోన్ సదానందం గదిలోకి వెళ్లింది. జరిగింది మొదటినుంచీ చెప్పింది. "అందుకే సార్, పెద్ద లైసెన్సు తీస్కుంటే అందరికీ సీట్లుంటయి. ఎవ్వరికీ పరేషాన్ ఉండదు" అని ముగించి తల వంచుకుంది.

సదానందం అద్దాల తలుపులోంచి బయటికి చూపించాడు. శనివారం సాయంత్రం అయిదున్నర. ఒక్కరూ ఇంటికి పోలేదు.

"సూడు. మంగళవారం సంది పొద్దుగాల ఎనిమిదింటికే వస్తున్నరు. ఆరింటికి వాచ్‌మన్ మెయిన్ స్విచ్ ఆపేదాక లేస్తలేరు. బస్తాలంటవా, రేపే పోయి పెండ్లికి ముందుగాల తెచ్చుకుంట. మనుషులను పొద్దుగాల తెచ్చుడు ఇరవై రెండేండ్లల్ల నాతోని కాలే, నీతోని అయింది."

"సార్, వాళ్లు పని కోసం రాలే, భయంతోని..."

"ఏదైతేంది?" అని కుర్చీ ముందుకు జరిపాడు. "ఇరవైని పదిహేను చేయొస్తదా?"

షారోన్ నోరు తెరిచింది. లచ్చయ్య మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో సదానందం, "నీ ఉద్యోగం ఖాయమైనట్టే. కంపెనీ కాగితం మీద ఉత్తరం టైపు చేసి తే, సంతకం పెడ్త. సోమవారం ఎనిమిదింటికే ఆదిలాబాద్ పోవుడున్నది, వారందాక రాను" అన్నాడు. రిబ్కమ్మ ప్రార్థనలు గుర్తుకొచ్చి ఆమె నోరు మూసుకుంది. "అయితది సార్" అంది. అన్నందుకు తన మీద తనకే రోత పుట్టింది.

సోమవారం నుంచి అమలయ్యేలా సర్వర్‌లో ఇరవైని పదిహేను చేసి, ఉత్తరం రాయడానికి వచ్చి చూస్తే సీట్లు నిండి ఉన్నాయి. పాత సాఫ్ట్‌వేర్ తనే తీసేసింది. తన కుర్చీలో లచ్చయ్య ఇంకా అక్షరాలు వెతుక్కుంటున్నాడు. ఆయనను లేవమనడానికి ఆమెకు నోరు రాలేదు. ఆరింటికి వాచ్‌మన్ మెయిన్ స్విచ్ ఆపేశాడు.

సోమవారం పొద్దున ఏడింటికే షారోన్ ఆఫీసు గేటు దగ్గరికి పరుగెత్తింది. తాళం ఇంకా తీయలేదు. వరుసలో ఆమెది పదహారో నంబరు.