మూడు దెబ్బలు తిన్న చక్రం

ఆ శుక్రవారం ఉదయం మాస్టారు పెట్టుకున్న పనులు మూడే: మొక్కలకు నీళ్ళు పోయడం, పేపరు చదవడం, పదకొండు గంటలకు ఒక కునుకు తీయడం. ఎనిమిదింటికి కోడలు నాలుగు సైకిలు చక్రాలు తెచ్చి హాల్లో గోడకు ఆనించడంతో ఆ మూడూ అటకెక్కాయి.

"మామయ్యా, మీతో ఒక పని పడింది."

మాస్టారు పేపరు మడిచారు. ఆ అమ్మాయి ఈ ఇంటికొచ్చి నాలుగేళ్ళయింది. ఇన్నాళ్ళలో "కాఫీ తాగుతారా మామయ్యా", "మందు వేసుకున్నారా మామయ్యా" అనే రెండు మాటల మీదే ఇద్దరూ కాలక్షేపం చేశారు. పేచీ ఏమీ లేదు. ఇద్దరూ మొహమాటస్థులు, అంతే. ఆయనతో ఆమెకు పని పడటం ఇదే మొదలు.

"చెప్పు అమ్మాయ్."

"ఆదివారం కొండమీద సైకిలు పోటీ ఉంది కదా. నలభై కిలోమీటర్లు, దారంతా రాళ్ళే. పోయినేడు అల్యూమినియం చక్రాలు రెండూ సొట్టలు పోయాయి. ఈసారి కార్బన్‌వి వేయిద్దామనుకుంటున్నా. మన సైకిల్ డాక్టరు, అదే రిపేరు దుకాణం ఆయన, రెండు జతలు చూసుకోమని ఇచ్చాడు. ఏది గట్టిదో మీరు తేల్చాలి. సాయంత్రం ఐదింటికల్లా ఆయనకి చెప్పేయాలి."

"నేనా?"

"ముప్పై నాలుగేళ్ళు అదే పని చేసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని బయటివాళ్ళని అడుగుతానా?"

లోపల చొక్కా గుండీలు పెట్టుకుంటున్న కొడుకు తల బయటికి పెట్టాడు. "నన్నడగొచ్చుగా?"

"నువ్వు స్టాండు వేసిన సైకిలు మీదినుంచే పడ్డావు. నీ సలహా ఎందుకులే," అని కోడలు భుజాన సంచీ తగిలించుకుంది. ఆమె ఫిజియోథెరపిస్టు. తొమ్మిదింటికి మొదటి పేషెంటు మోకాలు పట్టుకుని ఎదురుచూస్తుంటాడు. భార్యాభర్తలిద్దరూ మెట్లు దిగి వెళ్ళిపోయారు.

మాస్టారు ఇంజనీరింగు కాలేజీలో వస్తువుల గట్టితనం పరీక్షించే లాబ్ నడిపి రిటైరయ్యారు. ఇనప కడ్డీలు, సిమెంటు దిమ్మలు, గొలుసులు, ఏది తెచ్చినా విరిగేదాకా నొక్కి, ఎంత బరువుకు విరిగిందో కాగితం మీద రాసిచ్చేవారు. విద్యార్థులు ఆయనకు విరుపుల మాస్టారని పేరు పెట్టుకున్నారు. లాబ్ గోడ మీద ఆయన స్వహస్తాలతో రాసిన సూత్రం ఒకటుండేది: 'పరీక్ష తిన్న ముక్క మళ్ళీ పనికి పోరాదు.' ఒకే రకం ముక్కలు మూడు తెస్తే రెండింటిని చావగొట్టి మూడోదాన్ని నమ్మాలి. ఈ అలవాటు ఇంటిదాకా వచ్చింది. భార్య ఉన్నరోజుల్లో డజను గాజు గ్లాసులు కొంటే అల్మారాలోకి పదకొండే చేరేవి. "ఈ పదకొండూ భేషైనవి" అని ఆయనంటే, "పన్నెండోది కూడా భేషైనదే, మీ చేతిలో పడేదాకా" అనేదావిడ.

చక్రాలు అద్దంలా మెరుస్తున్నాయి. రిమ్ముల చుట్టూ నల్లటి టేపు నున్నగా చుట్టి ఉంది. ఒక్కోదానికీ ఒక చీటీ: 'టేపు తీయరాదు.' రాసిపెట్టిన మాటను జవదాటని మనిషి కాబట్టి మాస్టారు తీయలేదు. కళ్ళజోడు తుడుచుకుని, చెక్క పెట్టెలోంచి కొలత పనిముట్లు తీశారు. మొదటి జత ఈకలా తేలిగ్గా ఉంది. ఇరవై నాలుగు స్పోకులు. టైరు పట్టుకునే అంచు మందం మూడు మిల్లీమీటర్లు కూడా లేదు. రెండో జత పావుకిలో పైచిలుకు బరువెక్కువ. ముప్పై రెండు స్పోకులు, అవి కూడా ఏ కొట్లోనైనా దొరికే మామూలు రకం. అంచు మందం ఐదు మిల్లీమీటర్లు. రాయి తగిలినప్పుడు ఆ దెబ్బ మొదట తినేది అంచే. సన్నటి అంచు కత్తిలా టైరునూ కోస్తుంది, తానూ చిట్లుతుంది. వెడల్పాటి అంచు ఓర్చుకుంటుంది.

కాగితం మీద రెండో జత గెలిచింది. అక్కడితో ఆగి ఉంటే పదకొండింటి కునుకు దక్కేది.

కానీ మాస్టారికి ఒక దిగులు పట్టుకుంది. ఇనుము మంచిది, కష్టమొస్తే వంగి చూపిస్తుంది. కార్బన్ అలా కాదు. లోపల పొర విడిపోయినా పైకి చెక్కుచెదరనట్టే ఉంటుంది. నలుగురి ముందూ నవ్వుతూ తిరిగే మనిషి లాంటిది. ఆదివారం కొండ వాలులో ఆ చక్రం మీద ఉండబోయేది తన కోడలు. నాలుగేళ్ళకు ఒక్కసారి నోరు తెరిచి అడిగింది. ఊహ మీద ఎలా చెప్పడం?

ఆయన పాత లాబ్ కోటు తొడుక్కున్నారు. రిటైరైన రోజున తోటివాళ్ళు మెరుగు పెట్టించి బహూకరించిన ఐదు కిలోల ఇనపగుండును షోకేసులోంచి దించారు. బాల్కనీలో బట్టలారేసే తాడుకు కప్పీ ఉండనే ఉంది. గుండుకు తాడు కట్టి, కప్పీ మీదుగా పైకి లాగి, కింద రెండో జత వెనకచక్రాన్ని పీటల మధ్య నిలబెట్టారు. చెవుల్లో దూది పెట్టుకోవడం మరిచిపోలేదు. తాడు వదిలారు.

దబ్బు! చక్రం ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని ఊరుకుంది. ఇంకొంచెం ఎత్తు నుంచి రెండోది. నడుమెత్తు నుంచి మూడోది. దూది తీసి, రూపాయి బిళ్ళతో రిమ్ము లోపలి వైపు చుట్టూ తట్టి విన్నారు. ఎక్కడా మందగించలేదు, ఖంగుమంటోంది. మాస్టారి ముఖం వికసించింది.

అరనిమిషం తర్వాత ముడుచుకుంది. పరీక్ష తిన్న ముక్క మళ్ళీ పనికి పోరాదు. అంటే గట్టిదని తేలిన ఈ చక్రాన్ని కోడలికి ఇవ్వకూడదు. గట్టిదో కాదో తేలనిదాన్నే ఇవ్వాలి! ఇటువంటిది ఇంకొకటి కావాలి, వేరే దారి లేదు. సైకిల్ డాక్టరుకు ఫోను చేశారు.

"డాక్టరుగారూ, మందపు అంచు జతలో వెనకచక్రం ఇంకొకటి పంపగలరా?"

"ఏం మాస్టారూ, దానికేమైంది?"

"ఏమీ కాలేదు. అదే చిక్కు."

సైకిల్ డాక్టరు చేతిలో పానా ఆగిపోయింది. ఇరవై ఏళ్ళుగా ఆయన దుకాణానికి ఫోను చేసి "ఏమీ కాలేదండీ" అని మొదలుపెట్టిన ప్రతివాడూ గంట తిరిగేసరికి రెండు ముక్కలు సంచీలో వేసుకొచ్చాడు. సగంమంది చేతికి కట్టు కూడా ఉండేది.

"నిజం చెప్పండి. దెబ్బలు తగిలాయా?"

"మూడు," అన్నారు మాస్టారు నిజాయితీగా. "పైకి ఏమీ తెలియడం లేదు. లోపల ఎక్కడైనా చిట్లిందేమోనని నా భయమంతా."

"అయ్యో! స్పృహలో... సరే, మీరు కదపకండి. అలాగే ఉంచండి. నేనొస్తున్నా."

ఎంత శ్రద్ధగల మనిషి అనుకున్నారు మాస్టారు. ఆయన వచ్చేలోగా ఊరికే కూర్చోవడమెందుకు, పోయినేటి అల్యూమినియం చక్రం మూల పడి ఉందిగా, పోల్చి చూడటానికి దాన్నీ ఒక దెబ్బ కొడదామని మళ్ళీ దూది పెట్టుకుని బాల్కనీలోకి వెళ్ళారు. ఫోను హాల్లో బల్ల మీద ఉండిపోయింది.

సైకిల్ డాక్టరు కొడుక్కి ఫోను చేశాడు. "కంగారు పడకండి," అని మొదలుపెట్టాడు. దానితో కంగారు మొదలైంది. "మీ ఆవిడ నేనిచ్చిన చక్రాల మీద వెళ్తూ పడ్డారట. మూడు దెబ్బలు. పైకి కనబడవట, లోపలేనట. నాన్నగారే చెప్పారు."

పని మధ్యలో ఇంటికొచ్చి చక్రాలు వేసి చూసుకుందేమోననుకుని కొడుకు భార్యకు పదకొండుసార్లు ఫోను చేశాడు. పేషెంట్లు ఉన్నంతసేపూ ఆమె ఫోను సొరుగులో నోరు మూసుకుని ఉంటుంది. తండ్రికి చేశాడు, పలకలేదు. కింది వాటా టైలరమ్మకు చేశాడు.

"ఏమో బాబూ, పొద్దుట్నుంచీ పైన దబ్బు దబ్బుమని ఒకటే చప్పుడు. మీ ఆవిడ సంగతి నాకు తెలీదు గానీ, ఉండు చూసొస్తా." ఆమె మెట్లెక్కి అయిదు నిమిషాలు తలుపు బాదింది. "అన్నయ్యగారూ! ఓ అన్నయ్యగారూ!" చివరికి ఫోనులో గొంతు తగ్గించింది. "తలుపు తీయట్లేదు బాబూ. ఇప్పుడేమో చప్పుడు కూడా లేదు."

కొడుకు ఆఫీసు గేటు దగ్గర సందర్శకుల కోసం ఉంచిన చక్రాల కుర్చీని కాపలామనిషి "సార్ సార్" అంటుండగానే లాక్కుని, ఎదురొచ్చిన సైకిల్ డాక్టరు వ్యానులో పడేసి ఎక్కాడు. సరిగ్గా అప్పుడే కోడలు సొరుగు తెరిచి పదకొండు పిలుపులు చూసింది. పన్నెండోది అప్పుడే మోగింది, టైలరమ్మది. "అమ్మా, మీ మామగారు తలుపు తీయడం లేదు" అన్న ఒక్క ముక్కే ఆమెకు వినబడింది.

రెండో అంతస్తు మెట్ల మలుపులో అందరూ ఒకేసారి కలుసుకున్నారు. కుర్చీకి ఒక కొసన కొడుకు, ఇంకో కొసన సైకిల్ డాక్టరు.

"నువ్వు పడ్డావుగా!" అన్నాడు కొడుకు, భార్యను చూసి దెయ్యాన్ని చూసినట్టు.

"నేనెక్కడ పడ్డాను? అడ్డు లే! మామయ్యకేమైంది?"

"నాన్నకేమైంది?"

"మీరిద్దరూ బానే ఉంటే నన్నెందుకు పరుగెత్తించారండీ?" అన్నాడు డాక్టరు. కుర్చీ బరువంతా ఆయన వైపే ఉంది.

కోడలు తాళం తీసింది. అందరూ తోసుకుంటూ బాల్కనీలోకి వెళ్ళేసరికి తెల్లకోటు వేసుకుని, నేలమీద బోర్లా పడుకుని, టార్చిలైటుతో రిమ్ము లోపలికి చూస్తున్న మాస్టారు కనబడ్డారు. కోడలు కెవ్వుమంది. దూది దాటి అది వినబడి ఆయన తలెత్తారు.

"వచ్చారా డాక్టరుగారూ? చక్రం తెచ్చారా?" తర్వాత కొడుకు చేతిలోని చక్రాల కుర్చీ చూశారు. "ఇది నేనడిగింది కాదే. దీనికి స్పోకులు చాలా తక్కువ."

కోడలు గుమ్మంలోనే చతికిలబడి, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా, "మీకేదో అయిపోయిందనుకున్నా మామయ్యా" అంది. ఆమె ఒక కాలికే చెప్పుంది. రెండోది ఏ మెట్టు మీద జారిందో. తన కోసం ఒక మనిషి చెప్పు జారినా ఆగకుండా పరుగెత్తి రావడం మాస్టారు చూసి చాలా ఏళ్ళయింది. ఆయన దూది తీసి కోటు జేబులో వేసుకున్నారు. "కాఫీ తాగుతావా అమ్మాయ్?" అన్నారు.

సంగతంతా విని సైకిల్ డాక్టరు కుర్చీలో కూలబడ్డాడు, ఎలాగూ తెచ్చారు కాబట్టి.

"క్షమించాలి," అన్నారు మాస్టారు తల వంచుకుని. "మీ కొత్త చక్రాన్ని పరీక్షకు పెట్టేశాను. ఇక అది పనికి రాదు. పని చేసినా, నేను ఈ అమ్మాయిని దానిమీద కొండకు పంపలేను."

"కొత్తదా?" డాక్టరు టేపు కొస గోటితో లేపి సర్రున లాగాడు. కింద రిమ్మంతా గీతలు, రాళ్ళు కొరికిన గుర్తులు, పాత మచ్చలు. "మాస్టారూ, ఇవి చూపించే చక్రాలు. ఆర్నెల్లుగా ఇరవైమంది వీటిని కొండమీద రాళ్ళకేసి బాదారు. గీతలు చూస్తే జనం దడుచుకుంటారని టేపు వేస్తా. మీరు ఏది చెబితే అలాంటిదే కొత్త జత దుకాణంలో పెట్టెలో ఉంది. అది ఎవడూ ముట్టుకోనిది."

"మరి ఇంత తళతళలాడుతున్నాయి?"

కోడలు కళ్ళు తుడుచుకుంది. "పొద్దున్నే సబ్బుతో కడిగా మామయ్యా. గడప దాటి మట్టి వస్తే మీకు పడదుగా."

మాస్టారు ఆ గీతల మీద వేలు పెట్టి చూశారు. అంటే కొట్టినవి వేరు, నమ్మేది వేరు. ముప్పై నాలుగేళ్ళు తాను గోడమీద రాసిపెట్టిన సూత్రాన్ని ఈయన గోడా సూత్రమూ లేకుండా దుకాణంలో నడుపుతున్నాడు.

"రెండో జత," అన్నారు గంభీరంగా. "వెడల్పాటి అంచు."

"నేనూ అదే అంటా. సన్నపు అంచు జతల్లో మీరు చూసింది మూడోది. ముందు రెండూ చిట్లిపోయాయి. మందపు అంచుది మొదట్నుంచీ ఒక్కటే."

"మరి ఆ మాట పొద్దున్నే చెప్పొచ్చుగా!" అని కొడుకు గయ్యిమన్నాడు.

"ఎవరూ అడగరండీ. అందరూ బరువెంత అనే అడుగుతారు."

ఆదివారం సాయంత్రం కోడలు బురదలో స్నానం చేసినట్టు వచ్చింది. పోటీలో పదిహేడో స్థానం, ఒంటిమీద ఒక్క గీత లేదు. గీతలన్నీ రిమ్ములు పంచుకున్నాయి. ఆమె అలవాటు చొప్పున సైకిలును కిందే కడగబోతుంటే మాస్టారు మెట్లు దిగి వచ్చారు.

"అలాగే లోపలికి తీసుకురా అమ్మాయ్. దెబ్బలెక్కడెక్కడ తగిలాయో చూద్దాం."

ఇద్దరూ హాలు మధ్యలో మట్టిలో కూర్చుని రూపాయి బిళ్ళతో రిమ్ము చుట్టూ తట్టుకుంటూ చాలాసేపు విన్నారు. ఎక్కడ ఏ రాయి తగిలిందో ఆమె చెబుతుంటే ఆయన నోటుబుక్కులో రాసుకున్నారు. కొడుకు తుడుపుగుడ్డ పట్టుకుని ఎప్పుడు లేస్తారా అని చూస్తూ నిలబడ్డాడు.

మర్నాడు ఇంటి యజమాని వచ్చి, బాల్కనీలో నిలువునా పగిలిన గచ్చు పలక చూసి ఇదెలా పగిలిందని అడిగితే, మాస్టారు కళ్ళజోడు సర్దుకుని, "ఒక్క దెబ్బకే" అన్నారు.