స్వేచ్ఛా ఫోజు

మా పాఠశాల నాలుగో తరగతి పిల్లల వన్యప్రాణి పార్కు విజ్ఞానయాత్ర దిగ్విజయంగా ముగిసిందని తల్లిదండ్రుల సంఘం తరఫున తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. పిల్లలందరూ క్షేమం. బ్యానరు కూడా క్షేమం.

బ్యానరు సంగతి ముందు చెప్పాలి. మా జావా దీవిలో నలుగురు కలిసి బయలుదేరితే అన్నం పొట్లాలు మరిచిపోయినా ఫరవాలేదు. బ్యానరు మరిచిపోతే మాత్రం ఆ ప్రయాణం జరగనట్టే లెక్క. మా బ్యానరు మీద 'ప్రకృతిని కళ్లారా చూద్దాం' అని ఎర్రటి అక్షరాలు, పక్కన ప్రధానోపాధ్యాయులు హార్జోనో గారి నవ్వుముఖం. పులి బొమ్మ కూడా వేయిద్దామనుకున్నాం గాని చోటు చాలలేదు.

యాత్రకు వెళ్లిన పిల్లల్లో మా వాడితో పాటు మా పక్కింటి లారస్ ఉంది. దాని ఐదేళ్ల తమ్ముడు బగస్ జ్వరంతో మంచం పట్టాడు. బయలుదేరేముందు వాడు ఒకటే అడిగాడు: "అక్కా, పులి చెవుల వెనకాల ఏ రంగుంటుందే?" చూసొచ్చి చెబుతానని ఆ పిల్ల ఒట్టు వేసింది. పనీపాటా లేనివాళ్లు ఇలాంటివే అడుగుతారు.

పార్కులో ఏనుగు ముందు బ్యానరు పరిచాం. పిల్లలు ఏనుగుకు వీపుపెట్టి వరసగా నిలబడ్డారు. ముందు చేతులు కట్టుకుని మర్యాద ఫోజు. తరువాత మా ఆచారం ప్రకారం స్వేచ్ఛా ఫోజు, ఎవరిష్టం వాళ్లది. ఎవరిష్టం వాళ్లదే అయినా అందరూ బొటనవేలే ఎత్తుతారు. జిరాఫీ దగ్గరా ఇంతే. తల తిప్పబోయిన వాళ్లను ఎండాంగ్ టీచర్ ప్రేమగా మందలించారు. "కెమెరా ఇక్కడుంటే అటేం చూస్తావురా? జిరాఫీ ఎక్కడికీ పోదులే!" నిజమే, జిరాఫీ ఎక్కడికీ పోలేదు. మేమే పోయాం.

పులి ఆవరణ ముందు 'పులికి వీపు చూపరాదు' అని పార్కువారు పెద్ద బోర్డు పెట్టారు. బ్యానరు తాళ్లు కట్టడానికి అది ఎంతో అనుకూలించింది. హార్జోనో గారు ప్రసంగించారు. "పిల్లలూ! పుస్తకాల్లో చదివితే చాలదు, కళ్లతో చూడాలి! అందరూ ఇటు తిరగండి!"

మర్యాద ఫోజు అయింది. "ఇప్పుడు స్వేచ్ఛా ఫోజు!" అన్నారు ఎండాంగ్ టీచర్. లారస్ వెనక్కి తిరిగింది. అద్దం అవతల పులి కూడా మాకు వీపుపెట్టి కూర్చుని ఉంది.

బస్సులో విచారణ జరిగింది.

"మా ఇష్టమన్నారు కదా టీచర్?"

"మీ ఇష్టమంటే బొటనవేలు ఎత్తడమే తల్లీ. ఇంత పెద్దదానివయ్యావు, ఆ మాత్రం తెలీదూ?"

ఈ నివేదికకు జతచేయడానికి పులి ముందు తీసిన ఆ ఫొటోనే ఎంపికైంది. ముఖం కనిపించని వారిని హాజరుగా చూపడం నిబంధనలకు విరుద్ధం గనుక లారస్ గైర్హాజరు. బస్సు ఊరు చేరకముందే ఫొటో మా అందరి ఫోన్లకూ వచ్చింది. అందులో మా వాడి బొటనవేలు స్పష్టంగా ఉంది. పులి ఎక్కడుందో వెతకాలని నాకు తోచలేదు.

ఆ సాయంత్రం లారస్ చెప్పులైనా విడవకుండా తమ్ముడి మంచం దగ్గరికి పరిగెత్తింది.

"నల్లగా ఉంటాయిరా! మధ్యలో తెల్లటి మచ్చ. వెనకాల కూడా కళ్లున్నట్టే ఉంటుంది!"

వాళ్లమ్మ ఫోను తీసుకుని బగస్ ఆ ఫొటోను పెద్దది చేసి, వరస మొత్తం వెతికాడు.

"పో అక్కా, కోతలు కొయ్యకు. అందరూ ఉన్నారు. నీ ముఖమేదీ?"

లారస్ ఆ రోజు మొదటిసారి ఏడ్చింది.

జూలైలో బగస్‌ను బడిలో వేస్తారట. వాడికి ఇక కొత్తగా నేర్పాల్సిందేముందా అని మా సంఘం ఆలోచిస్తోంది.