సీలు విప్పని సీరియళ్లు

తూనికలు, కొలతల శాఖ సీనియర్ ఇన్‌స్పెక్టరుగారి ఇంట్లో నూట నలభై ఏడు పాత టీవీ సీరియళ్లు డిస్కుల రూపంలో క్షేమంగా ఉన్నాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. వాటిలో ఒక్క డిస్కునూ ఇంతవరకు ఎవరూ పెట్టి చూడలేదు.

అన్నీ కారుచౌకగా కొన్నవే. మూతపడే దుకాణం ఎక్కడున్నా ఆయన ముక్కుకు వాసన తగిలేది. అట్టపెట్టెల్లో మోచేతుల దాకా చేతులు పెట్టి వెతికి, టీ ఖరీదుకు ఇరవై గంటల ఏడుపు, అర టీ ఖరీదుకు పన్నెండు గంటల హాస్యం సంపాదించేవారు. హాస్యం అంత చౌకేమిటంటే, "ఏడుపుకే ఎప్పుడూ గిరాకీ" అనేవారు. ఇంటికి తెచ్చాక ప్లాస్టిక్ కవరును భూతద్దంతో పరీక్షించి, చిరుగు లేదని రిజిస్టరులో రాసి, బీరువాలో పెట్టి తాళం వేసేవారు. ఇల్లాలి చీరలు మంచం కిందికి వెళ్లాయి. ముప్పై ఏళ్లుగా బజారులో తూకపు రాళ్లకు సీళ్లు చూసిన కళ్లు మరి! సీలుంటే సరుకున్నట్టే, విప్పితే చెల్లనట్టే.

ఈ మహదానందానికి అడ్డు తగిలింది ఆ ఇల్లాలే. నూట నలభై ఏడోది, తప్పిపోయిన కూతురి కోసం ఉత్తరాలు పంచుతూ వెతికే ఒక తల్లి కథ. ఇరవై ఏళ్ల కిందట ఆవిడ దాన్ని ఒక్క వారం కూడా వదలకుండా చూసింది. చివరి భాగం వచ్చిన సాయంత్రమే ఆయనగారి పై అధికారి ఇంటికొచ్చాడు. ఆవిడ వంటింట్లో టీలు కాస్తూ ఉండిపోయింది. కూతురు దొరికిందో లేదో ఈనాటికీ తెలియదు. టీవీ ఉన్న హాల్లో కూర్చున్న భర్తకైనా తెలియాలి గానీ, ఆ గంటసేపూ ఆయన చూసింది పై అధికారి ముఖాన్ని.

"ఒక్క చివరి డిస్కు పెడదామండీ. నా ప్రాణం అక్కడే కొట్టుకుంటోంది."

"సీలు పోతుందే! పద్ధతిగా అర్జీ పెట్టు, చూద్దాం."

ఆవిడ నిజంగానే పెట్టింది. అర్జీ పరిశీలనలో ఉందని మూడుసార్లు లిఖితపూర్వకంగా జవాబొచ్చింది, భోజనాల బల్ల మీదికే. నాలుగోసారి ఆవిడ అర్జీ రాయలేదు. ఆయన స్నానానికి వెళ్లగానే చొక్కా జేబులోంచి తాళంచెవి తీసి, కూరగాయల కత్తితో కవరు కోసేసింది.

పెట్టెలో పదమూడు డిస్కులుండాలి. పన్నెండే ఉన్నాయి. చివరి గూడు ఖాళీ. తయారుచేసిన చోటే పెట్టడం మరిచారు. ఆవిడ ఆ గూటిని వేలితో తడిమి తడిమి, నేల మీద కూలబడి ఏడ్చింది.

తువ్వాలుతో పరుగెత్తుకొచ్చిన ఆయన గుండెలు బాదుకున్నారు.

"ఎంత పని చేశావే! ఇందాకటి దాకా పూర్తిగా ఉంది కదా!"

పక్కింటివాళ్లు, ఎదురింటివాళ్లు వచ్చి ఆయన్నే ఓదార్చారు. "అన్నీ సవ్యంగా ఉన్న ఇంట్లో నీకీ కత్తి గోలేంటే?" అని ఆవిడ సొంత అక్కే చీవాట్లు పెట్టింది.

శాఖవారు కూడా ఈ దుర్ఘటన నుంచి పాఠం నేర్చుకున్నారు. ఇకమీదట తనిఖీల్లో ఏ సరుకు సీలూ విప్పరాదని ఉత్తర్వులిచ్చారు. అప్పటినుంచి మన బజారులో తూకం తగ్గిన సరుకు ఒక్కటీ బయటపడలేదు. మనమంతా సంచులు నింపుకుని నిశ్చింతగా ఇళ్లకు వెళ్తున్నాం. వెళ్లాక తూచి చూసుకునే పాడు బుద్ధి మాత్రం, దయచేసి, ఎవరికీ వద్దు.